ఊపి చూసే మనిషి

ఆయన చొక్కా పై గుండీ ఆమే పెట్టింది, కింది గుండీలూ ఆమే పెట్టింది. అంతసేపూ ఆయన గడ్డం పైకెత్తి, గోడ మీది క్యాలెండర్లో ఏదో ముఖ్యమైన తేదీ వెతుకుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు.

"ఇవాళైనా చెప్తారా ఆఫీసులో?" అంది భార్య.

"చెప్తాలే."

"ఎన్ని నెలల్నించీ ఈ చెప్తాలే? మీ చెప్తాలేలన్నీ పేర్చుకుంటూ వస్తే ఈపాటికి మేడ లేచేది."

ఆయన నవ్వేశాడు. నవ్వేస్తే మాట దాటిపోతుందని ఆయన నమ్మకం. ఇంకొకరికైతే అది చెప్పుకోవడానికి పెద్ద విషయం కూడా కాదు. చక్కెర జబ్బుతో వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. టీ గ్లాసు కాలుతోందన్న సంగతి చెయ్యి ఎర్రబడ్డాక గానీ తెలియడం లేదు. పోయిన స్పర్శ తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోవాలనీ డాక్టరు చెప్పాడు. ఏ కాపలాదారో అయితే ఎలాగోలా నెట్టుకురావచ్చు. ఈయన బతుకంతా వేళ్ళ కొసల మీదే నడిచింది.

పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి బొమ్మలు కట్టుకునే ప్లాస్టిక్ ఇటుకలుంటాయే, వాటిని తయారుచేసే చిన్న కంపెనీ అది. కొత్త బొమ్మ గీసినప్పుడల్లా, అది డబ్బాలోకి ఎక్కేముందు ఎవరో ఒకరు దాన్ని చేత్తో కట్టి, ఎక్కడ పట్టు చాలిందో ఎక్కడ చాలలేదో చెప్పాలి. ఆ ఎవరో ఒకరు ఈయనే. మీసం నల్లగా ఉన్న రోజుల్లో డబ్బాలకు టేపు అంటించడానికి చేరాడు. ఒకరోజు పనిలేక ఒక ఏనుగు బొమ్మను ఎత్తి ఊపితే తొండం ఊడి యజమాని కాళ్ళ దగ్గర పడింది. తిడతాడనుకుంటే, "ఇతన్ని ఊపుడుకి పెట్టండి" అన్నాడాయన. ఉద్యోగానికి పేరంటూ ఏమీ పెట్టలేదు గానీ, మనిషికి మాత్రం పేరు స్థిరపడిపోయింది. అప్పట్నుంచీ అందరికీ ఊపుడు బాబాయే.

ఆ ఉదయం ఆయన వెళ్ళేసరికి బొమ్మలు గీసే అమ్మాయి అప్పుడే కంప్యూటరు ముందుంది. ఆమె బల్లా ఈయన బల్లా పక్కపక్కనే.

"రండి బాబాయ్. గాలిమేడని లేపేశాను. అత్తగారు ఇంకా ముసుగు తన్నే ఉంది, తెరుచుకోవడానికి బద్ధకం."

ఈ పేర్లు ఆమె పెట్టినవే. ఇన్నాళ్ళూ బొమ్మలు గీసిన పాత ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో పనిచేయడం మానేసింది. దాని బదులు ఏది కొనాలో తేల్చడానికి మేనేజరు మూడింటిని తెప్పించాడు, కొన్నాళ్ళు వాడి చూడమన్నాడు. మూడోదాని కథ మొదటివారమే ముగిసింది. అందులో ఇటుకలు నిజం ఇటుకల్లా తళతళలాడతాయి, నీడలు కూడా పడతాయి, కానీ అది తెరుచుకునేలోపు ఊరెళ్ళి రావచ్చు. మిగిలినవి రెండు. గాలిమేడలో అడిగిన రంగు దొరుకుతుంది, ఇటుక ఎక్కడ పెడితే అక్కడే నిలుస్తుంది. కింద గోడ లేకపోయినా పైకప్పు నిక్షేపంగా గాల్లో ఉంటుంది. చెయ్యి ఆగదు, మనసు ఆగదు, గీసేవాళ్ళకు పండగే. తర్వాత ఎవరో ఒకరు చేత్తో కట్టి చూసుకోక తప్పదు, అంతే. అత్తగారి దగ్గర ఆ ఆటలు సాగవు. ఆ రంగు ఇటుక మన దగ్గర లేదంటుంది, ఆ ఇటుక ఈ ఇటుకలోకి దూరిందంటుంది. అన్నీ అయ్యాక ఒక బటన్ నొక్కితే బరువులు లెక్కగట్టి, పట్టు చాలనిచోట ఎర్రరంగు పులిమి చూపిస్తుంది. అంటే కట్టక్కర్లేదు, ఊపక్కర్లేదు. బాబాయ్ అక్కర్లేదు.

ఈ సంగతి మేనేజరుకూ తెలుసు. నిన్న సాయంత్రం మెట్ల దగ్గర ఆపి, "ఏది కొనాలో మీరే చెప్పండి. గాలిమేడ చాలనుకుంటే అదే కొనేద్దాం. చూసుకోవడానికి మీరున్నారుగా" అన్నాడు. మంచివాడే, పాపం. కాకపోతే కూర్చున్న కొమ్మనీ గొడ్డలినీ రెండూ ఈయన చేతికే ఇచ్చి, నీ ఇష్టం అన్నట్టయింది.

ఆ పూట కట్టాల్సింది ఒక వంతెన. అటో స్తంభం, ఇటో స్తంభం, మధ్యలో పొడుగాటి కమాను. ఆ అమ్మాయి సొంతంగా గీసిన మొదటి బొమ్మ అదే. ఆయన స్టూలు మీద సర్దుకుని కూర్చుని, ట్రేలోంచి ఇటుక తీశాడు.

"కాస్త ఫ్యాన్ ఆపమ్మా."

"ఇంత ఉక్కలోనా? మీకు చలేస్తోందా ఏంటి?"

"చెవిలో గాలి దూరుతోంది."

ఆమె తల కొట్టుకుంటూ ఫ్యాన్ ఆపింది. చెవిలో దూరేది గాలి కాదు. ఒకప్పుడు పై ఇటుక కింది ఇటుక బొడిపెల మీద కూర్చుంటూంటే బొటనవేలికి తెలిసేది. ఇంకా వెంట్రుకవాసి సందు ఉందనీ, ఇదిగో పూడిందనీ వేలే చెప్పేది. ఇప్పుడు వేలు నోరు మూసుకుంది. టక్ అన్న చప్పుడు వింటే కూర్చుందని నమ్మడమే. కొన్ని నెలలుగా ఆయన చెవులతో కడుతున్నాడు, ఫ్యాన్ తిరుగుతుంటే ఆ కాస్తా వినపడదు.

భోజనం వేళకు వంతెన పూర్తయింది. అదే బొమ్మను చూసి అత్తగారు అప్పటికే కమాను నడుమ రెండు ఇటుకలకు ఎర్రరంగు పూసి కూర్చుంది. ఆయన వంతెనను రెండు చేతులా ఎత్తి, అటూ ఇటూ, పైకీ కిందకీ ఊపాడు. తలకిందులు చేసి కూడా ఊపాడు. నిలిచింది.

"అయ్యో అత్తగారూ, పరువు పోయిందే!" అని చప్పట్లు కొట్టింది అమ్మాయి. వంతెనను కిటికీ గట్టు మీద పెట్టి, ప్యాకింగ్ వాళ్ళతో కలిసి తినడానికి కిందికి వెళ్ళింది.

ఆయన బల్ల దగ్గరే క్యారేజీ విప్పుకున్నాడు. చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా అనిపించింది. నా చేతుల్లో ఇంకా ఏదో మిగిలే ఉంది, ఇంట్లో ఆవిడ అనవసరంగా కంగారు పడుతోంది అనుకున్నాడు. సగం తిన్నాడో లేదో, కిటికీ దగ్గర చిన్న చప్పుడైంది. ఎవరూ తాకలేదు. కమాను నడిమికి విరిగి గట్టు మీద పడి ఉంది, ఒక ఇటుక దొర్లి నేల మీదకొచ్చింది.

చేతిలో ముద్ద క్యారేజీలోనే వదిలేశాడు. వానాకాలంలో దుకాణాలనుంచి తిరిగొచ్చిన గడియారపు బురుజు బొమ్మలు గుర్తొచ్చాయి. కట్టిన మర్నాటికే కూలిపోతున్నాయని వెనక్కి పంపేశారు. ఇటుకలు పోసే అచ్చు అరిగిందని అందరూ అచ్చునే తిట్టారు. ఈయన కూడా తలూపాడు. ఆ బురుజును ఊపి, సరే అన్నది ఈయనే.

చెయ్యి కడుక్కుని వచ్చి గబగబా కమాను పేర్చాడు. నేల మీది ఇటుక ఒక పట్టాన చేతికి రాలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేళ్ళ మధ్యకు వచ్చిందో లేదో తెలియదు, ఎత్తి చూస్తే ఖాళీ చెయ్యి. చివరికి అరచేత్తో గోడదాకా నెట్టి, గోడకు అదిమి పైకి తెచ్చాడు. అమ్మాయి మెట్లెక్కుతున్న చప్పుడు వినేసరికి వంతెన ఎప్పట్లా నిలబడి ఉంది, ఆయన క్యారేజీ మూస్తున్నాడు.

"ఏంటి బాబాయ్, అంత చెమట?"

"ఫ్యాన్ ఆపించావుగా."

"నేనా? బాగుంది, అత్త మీది కోపం దుత్త మీద."

నాలుగింటికి మేనేజరు వచ్చాడు. వంతెనను ఎత్తి చూసి, "ఊఁ, ఏమంటారు?" అన్నాడు.

ఆయన నోరు తెరిచేలోపే అమ్మాయి అందుకుంది. "గాలిమేడే సార్. అత్తగారు ఊరికే ఎర్రబడుతోంది. బాబాయ్ ఊపారు, నిలిచింది. నా మొదటి డబ్బా సార్ ఇది, రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. ఇంక భయం లేదు. బాబాయ్ సరే అన్నాక మిషన్లతో పనేముంది?"

మేనేజరు నవ్వి, "అయితే అదే కొనేద్దాం" అంటూ వెనుదిరిగాడు.

తలుపు దాకా వెళ్ళనిచ్చి ఉంటే సరిపోయేది. ఆయనకూ అలాగే అనిపించింది. కానీ ఆ పిల్ల మొహం చూశాడు. తన మీది నమ్మకంతో ఎంత నిబ్బరంగా ఉందో చూశాడు.

"నిలవలేదు సార్," అన్నాడు.

ఇద్దరూ ఆగిపోయారు.

"మధ్యాహ్నం కూలింది. ఎవరూ చూడలేదని మళ్ళీ నేనే పెట్టాను. అది ఎర్రరంగు పూసినచోటే విరిగింది. బురుజు కూడా అచ్చు తప్పు కాదు, నాదే. నా వేళ్ళకి ఏమీ తెలీడం లేదు సార్. చాన్నాళ్ళయింది." కంప్యూటరు వైపు చెయ్యి చూపించాడు. "అత్తగారినే కొనండి. మంచిది, దాపరికం లేనిది."

మేనేజరు వెనక్కి వచ్చి కమాను నడుమ వేలితో తట్టి చూశాడు. కసిరి ఉంటే బాగుండేది. మెల్లగా, "ప్యాకింగులో ఉండండి, పోనీ. టేపు పనేగా" అన్నాడు.

"టేపు కొస దొరకబుచ్చుకోవాలన్నా వేళ్ళే కావాలి సార్."

మేనేజరు ఆయన భుజం మీద చెయ్యేసి, తీసేసి, వెళ్ళిపోయాడు.

అమ్మాయికి కోపం ముందొచ్చింది, ఏడుపు తర్వాత. "ముందే చెప్తే ఏం పోయేది బాబాయ్? చెప్పచ్చుగా నాకైనా!"

"ఏం పోయేదేంటి?" అన్నాడాయన, బల్లనీ ట్రేలనీ కిటికీనీ చూస్తూ. "ఇదంతా పోయేదమ్మా."

క్యారేజీ, కళ్ళజోడు పెట్టె, గోడ మేకుకి వేలాడే తువ్వాలు సంచిలో వేసుకున్నాడు. సంచి జిప్పు ఆ అమ్మాయే లాగింది, అడగకుండానే. గేటు దాకా వెంట వచ్చింది.

"ఇప్పుడింటికెళ్ళి ఏంచేస్తారు?"

"ముందు మీ పిన్నికి చెప్పాలి, చెప్పేశానని."

"అప్పుడప్పుడూ రండి బాబాయ్."

"వస్తాలే."

రోడ్డు మీద ఎండ ఇంకా తగ్గలేదు. ఆ వేళప్పుడు బయట ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. రోడ్డు దాటడానికి ఎవరో చెప్పాలన్నట్టు కాసేపు నిలబడి, తర్వాత దాటాడు.

మర్నాడు మేనేజరు అత్తగారినే కొన్నాడు. అమ్మాయి వంతెన తెరిచి, కమాను కింద రెండు ఇటుకలు అదనంగా పెట్టింది. ఎర్రరంగు పోయింది. అది చూసి సంబరపడడానికి పక్కన ఎవరూ లేరు.

చిమ్మే ఆవిడ వచ్చి స్టూలు జరిపి, కింద చిమ్మి, ఎక్కడిది అక్కడే పెట్టింది. దాని మీద పాత కర్టెను గుడ్డతో ఇంట్లో కుట్టిన మెత్త ఉంది, నడుమ ఆయన కూర్చున్న గుంటతో సహా.