గోనె తెరకు కుట్టిన సీసం

ఆయుధ పూజ నాడు బండ్లకు బొట్టు పెట్టే పని నాకు ఉండేది కాదు. మొగుడు పోయినదాని చేతికి కుంకుమ గిన్నె ఎవరూ ఇవ్వరు. పీలమేడు నూలు మిల్లు కార్ల షెడ్డులో నా వంతు కడగడమే. నా పెనిమిటి మిల్లులో పని చేస్తూ పోయాక, దయతలచి నాకు ఇచ్చిన ఊడ్చే పని అది. అందుకే ఆ ఒక్క రోజు, ఈ ఆరాయి కడిగినట్టు ఎవరూ కడగలేరని అనిపించుకోవాలని ఉండేది.

ఆ ఏడు షెడ్డులోకి ఒక పాత బండి వచ్చింది. తన దేశానికి తిరిగి వెళ్ళిపోతున్న ఊటీ దొర ఒకాయన దగ్గర మిల్లు యజమాని కొడుకు, చిన్న మొదలాళి బాలసుందరం కొన్నాడు. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, పొడుగాటి ముక్కు. షెడ్డులో పెద్ద మెకానిక్కు నారాయణసామి మేస్త్రి తప్ప ఇంకెవరూ దాన్ని విప్పకూడదు. పూజకు ముందు వారమే ఆయన దాని స్టీరింగ్ కీళ్ళన్నీ విప్పి, గ్రీజు పెట్టి బిగించారు.

పూజ నాడు పొద్దున్నే నేను ఆ బండి చక్రాలు కొబ్బరి పీచుతో తోమాను. ముందు చక్రాల అంచులకు వేలెడు పొడుగు సీసం ముక్కలు కరుచుకుని ఉన్నాయి, ఒక్కో చక్రానికి రెండేసి. వాటి సందుల్లో దిగిన మట్టి పోవడం లేదు. స్క్రూడ్రైవరు పెట్టి నాలుగూ ఊడదీశాను. మురికి అనుకున్నానని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. మురికిని ఎవరూ కొంగున ముడేసుకుని ఇంటికి తీసుకుపోరు.

మా లైను ఇళ్ళ వెనక ఆడవాళ్ళు సీకాయ రుద్దుకుని నీళ్ళు పోసుకునే చోట గోనె తెర ఒకటి ఉండేది. గాలికి అది లేచేది, దారిన పోయే మగవాళ్ళు తల తిప్పేవాళ్ళు. ఆ సీసం ముక్కలు తెర అంచు మడతలో పెట్టి కుట్టాను. తెర లేవలేదు. పక్కింటి పాప్పాత్తి నన్ను మెచ్చుకుంది.

పూజ అయిన మూడో రోజు చిన్న మొదలాళి అవినాశి రోడ్డులో బండి తోలి, తిరిగి వచ్చి తలుపు గట్టిగా వేశాడు. గంటకు నలభై మైళ్ళ దాకా బండి బుద్ధిగా ఉంటుందట. నలభై దాటితే స్టీరింగు చేతుల్లో వణుకుతుందట. అరవైకి పోతే మళ్ళీ తగ్గుతుందట. గురువారం కొత్త పెళ్ళాన్ని కూర్చోబెట్టుకుని మదురైకి, అత్తవారింటి విందుకు పోవాలి.

"నువ్వు చెయ్యి పెట్టినంక వచ్చిన రోగం ఇది, మేస్త్రీ. అంతకుముందు లేదు," అన్నాడు. గురువారం లోపల సరికాకపోతే మద్రాసు నుంచి వేరే మనిషిని పిలిపిస్తానని చెప్పి పోయాడు.

మేస్త్రి పనిముట్ల పెట్టె తెరిచారు. ముందు టైర్లలో గాలి చూశారు. తరువాత బండి కింద దూరి, తాను బిగించిన కీళ్ళను ఒక్కొక్కటీ మళ్ళీ విప్పారు. ఎక్కడా వదులు లేదు. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూశారు, బేరింగులు గట్టిగానే ఉన్నాయి. రెండు రోజులు అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. మూడో రోజు ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకు మార్చి తోలి వచ్చారు.

"స్టీరింగ్ వణుకు నిలిచింది. ఇప్పుడు సీటు వణుకుతాది," అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. "రోగం కీళ్ళల్లో లేదు. చక్రంతోనే నడుస్తా ఉండాది."

ఆ చక్రాలను మళ్ళీ ముందుకు వేసి, జాకీ మీద లేపి, చేత్తో తిప్పి వదిలారు. చక్రం తిరిగి తిరిగి ఆగింది. అడుగున సుద్దతో గీత గీసి మళ్ళీ వదిలారు. ఎన్ని మార్లు వదిలినా గీత అడుగుకే వచ్చి ఆగింది. పైన, గీతకు ఎదురుగా, అంచు మీద రెండు చోట్ల రంగు మాయకుండా ఉంది. ఆయన ఆ చోటును బొటనవేలితో తడిమారు. నేను చీపురు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ నాలుగు ముక్కలు ఏం పని చేసేవో అప్పుడు అర్థమైంది. అటువైపు బరువుకు ఇటువైపు సరి తూకం అవి.

"ఆరాయీ, పూజకు చక్రాలు కడిగింది నువ్వే గదా. ఈడ ఏమన్నా ఉండిందా?"

"ఏమీ లేదు మేస్త్రీ," అన్నాను.

ఆయన నా మొహం చూసి, మళ్ళీ చక్రం వైపు తిరిగారు.

మరునాడు బుధవారం. తెల్లవారకముందే తెర కుట్లు తెంపి, ఎవరూ రాకముందు ఆయన పనిముట్ల పెట్టెలో సీసం పెట్టాను. ఆయన వచ్చి ఒక ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పెట్రోలు గుడ్డతో తుడిచారు. మళ్ళీ తుడిచారు. తరువాత ఒక్కొక్కటీ రంగు మాయని చోట కరిపించి తిప్పారు. గీత ఈసారి ఎక్కడ పడితే అక్కడ ఆగింది.

సాయంత్రం చిన్న మొదలాళి తోలి వచ్చి, ఎట్లా సరైందని అడిగాడు.

"సీసం నేనే ఊడదీసి పెట్టినాను, మొదలాళీ. మళ్ళీ తగిలించేది మరిచినాను."

షెడ్డులో ఐదారుగురు విన్నారు. ఒకడు నవ్వాడు. మొదలాళి తిట్టలేదు. రేపటి నుంచి లారీలు చూసుకోమన్నాడు, అంతే. ఆ బండికి వేరే మనిషి వచ్చాడు. నేను అదే చీపురుతో అదే నేల ఊడ్చాను. నిజం చెబితే దొంగ అని పేరు పెట్టి పంపేస్తారని ఏడాది పొడుగునా నోరు మూసుకున్నాను. నీళ్ళ దగ్గర తెర మళ్ళీ గాలికి లేచేది. అక్కడ నిలబడినప్పుడల్లా, లేస్తే లేవనీ అనుకునేదాన్ని.

మరుసటి ఏడు పూజకు నన్ను లారీ షెడ్డుకు కడగడానికి పంపారు. మేస్త్రి అప్పటికే పంచె ఎగగట్టి ఒక లారీ చక్రం తోముతున్నారు. నేను బక్కెట్టు దించి నిలబడ్డాను.

"మేస్త్రీ, పోయిన ఏడు ఆ సీసం..."

"తెలుసు. సీకాయ వాసన పోయేదానికి రెండు తడవలు పెట్రోలు పట్టింది," అన్నారు తల ఎత్తకుండానే.

తరువాత కుంకుమ గిన్నె నా వైపు జరిపారు.

"చక్రాలు నేను కడుక్కుంటా. నువ్వు బొట్టు పెట్టు."

అందరూ చూస్తున్నారు. నేను పెట్టాను. ఆరు చక్రాలకూ పెట్టాను, ఒక్కసారి కూడా తల ఎత్తలేకపోయాను.