లంకమలకు పోవాల్సిన ఎలుగు

ఆ పొద్దు మబ్బులు పడమట నుంచి తూర్పుకు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతున్నాయి. ఆషాఢంలో బద్వేలు మీద నీడ వేసి పోవడమే వాటి పని. వాన ఎక్కడ దింపుతాయో తెలియదు. ఆనందం గోనెసంచిని నెత్తిమీద నుంచి మోకాళ్ల దాకా దిగవేసుకుని, కళ్ల దగ్గర కోసిన రెండు చిల్లుల్లోంచి చూస్తూ, దొడ్డిలో ఎలుగు పెంట ఎత్తుతున్నాడు.

పెంట నల్లగా, గట్టిగా ఉంది. పుల్లతో విడదీసి చూశాడు. చెదపురుగుల తలకాయలు, నేరేడు గింజలు. కొండలో తిరిగే ఎలుగు పెంట ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. ఆ మాట ఎవరితోనైనా అనాలనిపించింది గానీ దొడ్డిలో మాట్లాడకూడదు.

మూడేళ్ల కిందట ఎవరిదో ఎండుబావిలో దొరికిన పిల్ల అది. రెండు కిలోలు కూడా లేదు. అప్పటి డాక్టరు ఈ సంరక్షణ కేంద్రంలో పెట్టించి, ఆనందానికి మూడే మాటలు చెప్పాడు. మనిషి మొహం చూపొద్దు, మాట వినిపించొద్దు, పేరు పెట్టొద్దు. మనిషికి అలవాటుపడితే అడవికి పనికిరాదు.

ఆనందం మూడూ పాటించాడు. ముసుగు గోనెను ఎలుగు పడుకున్న గడ్డిలోనే పొర్లించి తొడుక్కునేవాడు. మోపెడ్ మీద పుట్టమన్ను మోసుకొచ్చి పోసేవాడు. జావ గిన్నె కమ్మీల కిందకు తోసి గోడచాటుకు పోయేవాడు. సాయంత్రం లంకమల కొండ వైపు నుంచి గాలి తిరిగితే ఎలుగు బండరాయెక్కి మూతి పైకెత్తి నిలబడేది. గోడ వెనక ఆనందం కూడా అటే తిరిగి గాలి పీల్చేవాడు. అతనికి ఎండుగడ్డి వాసన తప్ప ఏమీ తెలిసేది కాదు.

"ఇంట్లో ఎట్లాగూ మాట్లాడవు. ఆ ఎలుగుతో అన్నా మాట్లాడరాదా?" అనేది భార్య కృపమణి.

ఆ రోజే దాన్ని కొండకు తీసుకుపోయే రోజు. పది గంటలకు వ్యాను వచ్చింది. వెనక ఇనుప బోను. డ్రైవరు బసవరాజ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమప్పా, పెండ్లికూతురు తయారయిందా?"

ఆనందం పెదవుల మీద వేలుపెట్టాడు.

"ఈ ముసుగులో నువ్వే పెండ్లికూతురి మాదిరి ఉండావు, పో!"

వ్యాను దిగిన డాక్టరు శ్రీవాసవి నవ్వలేదు. రాజంపేట కిరాణా అంగడి వాళ్ల పిల్ల. ఈ కొలువుకు వచ్చి ఆరు నెలలయింది. బోను వైపు చూడకుండా ఆనందాన్ని మందుల గదిలోకి పిలిచింది.

"అన్నా, పోయిన వారం పెంట పరీక్షకు పంపినాం కదా. దారిలో ఉండగా రిపోర్టొచ్చింది." ఫోనులో ఒక గాజుపళ్లెం ఫోటో చూపింది. "ఇవి దాని కడుపులోని క్రిములు. ఈ తెల్ల చుక్కలు మందుబిళ్లలు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీగా గుండ్రం పడాల. యాడన్నా ఉండాదా చూడు."

ఆనందం పదకొండు చుక్కలూ చూశాడు. ప్రతి చుక్కనూ ఆనుకుని క్రిములు బూజులా పరుచుకుని ఉన్నాయి.

"లేదమ్మా."

"ఏ మందుకూ చావని క్రిములన్నా. దీనికి జబ్బేం లేదు. కానీ వదిలితే మడుగు నీళ్లలో కలిసి కొండలోని వాటికి పోతాయి. పైవాళ్లు వదలొద్దన్నారు."

"మందేసి పోగొట్టుకోలేమా?"

"ఏ మందు?"

ఆనందం మళ్లీ ఫోటో వైపు చూశాడు.

"దీనికి చిన్నప్పుడు మాత్రలు వాడినారా? పుస్తకంలో ఒక్కసారే రాసుండారు."

"ఆరేడుసార్లు ఇచ్చినా. కడుపు జారినప్పుడల్లా. జావలో బెల్లం కలిపి."

"ఎన్ని దినాలు?"

"గట్టిపడేదాకా. రెండు పూటలో, మూడు పూటలో. మందు వేడి కదమ్మా, పసిదాని కడుపు కాలుతాదని నిలిపేస్తాంటి. మిగిలినవి మళ్లాసారికి దాచిపెడతాంటి."

ఇంట్లో కృపమణికీ, మేకలకూ అట్లాగే ఇచ్చాడు. ఊళ్లో అందరూ అంతే. మాత్ర పారేసేవాడే తెలివిలేనివాడు.

"అరకొరగా వేస్తే క్రిములు మందుకు రాటుదేలతాయి. కానీ దాంతోనే వచ్చిందని నేను చెప్పలేను," అంది శ్రీవాసవి. "నీళ్లలోంచి రావచ్చు, మన చేతుల్లోంచి రావచ్చు. మా అమ్మా నాకు అట్లే ఇస్తాండె."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"ఇయ్యకపోతే ఆ పొద్దే చచ్చిపోయుండు," అన్నాడు కిటికీ వైపు తిరిగి.

బసవరాజ్ వ్యాను తిప్పాడు. ఎక్కబోతూ శ్రీవాసవి ఆగింది. "ఇంగ ముసుగు అక్కర్లేదన్నా. పేరు కూడా పెట్టచ్చు."

ఖాళీ బోను గలగలలాడుతూ మలుపు దాకా వినిపించింది.

ఆనందం ముసుగు తీసేసి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. మధ్యాహ్నం జావ గిన్నెను కమ్మీల కిందకు తోసి, గోడచాటుకు పోకుండా అక్కడే చతికిలబడ్డాడు. ఎలుగు లోగదిలోంచి వచ్చి, అతన్ని చూసి గుర్రుమని వెనకకాళ్ల మీద లేచింది. గోళ్లు కమ్మీలకు తగిలి టంగుమన్నాయి. ఆనందం కదలలేదు. గొంతులోకి మూడేళ్ల మాటలు వచ్చాయి. ఏది ముందు అనాలో తెలియలేదు. క్యారియర్ విప్పి సంగటి ముద్ద తుంచి వేరుశనగ ఊరిబిండిలో అద్దుకున్నాడు.

ఎలుగు కిందకు దిగింది. గాలిని రెండు మూడుసార్లు పీల్చింది. గిన్నె దగ్గరకు వచ్చి మూతి ముంచింది. అతను నములుతున్నాడు, అది జుర్రుతోంది. ఇద్దరిదీ ఒకే సంచిలోని రాగిపిండి. మధ్యలో ఒకసారి అది తల ఎత్తి అతని మొహం చూసి, మళ్లీ వంచుకుంది.

బోనులో పరవడానికి నిన్న కొట్టుకొచ్చిన నేరేడు కొమ్మలు గేటు పక్కన అట్లాగే పడి, ఆకులు ముడుచుకుంటున్నాయి.