చాలంటే ఆగని నేను

నేను ఒక రెడ్యూస్‌ను. అంటే చిన్న ప్రోగ్రాంను. వరసలో వచ్చిన వాటిని ఒక్కొక్కటే తీసుకుని, అప్పటికే చేతిలో ఉన్నదానితో కలిపి, చివరికి అన్నింటినీ ఒక్కటి చేసి ఇవ్వడం నా పని. నన్ను మొదట రాసిన కాలేజీ మాస్టారు నాచేత పిల్లల మార్కులు కలిపించారు. తర్వాత ఒక అపార్టుమెంటు వాళ్లు నీళ్ల వాడకం కలిపించారు. మధ్యలో పని వదలనని అందరూ నన్ను మెచ్చుకునేవారు. అది నా గుణం కాదు, నాకు మరో దారి తెలియకపోవడం. మనుషులు ఈ రెండింటికీ తేడా చూడరు.

చివరికి హైమవతి అనే అమ్మాయి నన్ను ఒక ఊరి ఆడవాళ్ల పాలకేంద్రానికి తెచ్చింది. అక్కడ బెల్టు మీద పాల క్యాన్లు వరసగా వస్తాయి. ఒక్కో క్యాన్‌నూ యంత్రం పరీక్షిస్తుంది. నేను తర్వాతి క్యాన్‌కు వెళ్లగానే బెల్టు కదిలి, పరీక్ష అయిన క్యాన్ ట్యాంకులోకి ఒంగుతుంది. పులిసిన పాలు వస్తే నా చేతికి 'చాలు' అని ఇచ్చేలా హైమ రాసింది. అది అందగానే నేను ఆగిపోతాననుకుంది.

మొదటి రోజే పులిసిన క్యాన్ వచ్చింది. నా చేతికి 'చాలు' అందింది. సరే, ఇదీ ఒక విలువే అనుకుని పట్టుకుని తర్వాతి క్యాన్‌కు వెళ్లాను. ట్యాంకులో పాలన్నీ విరిగిపోయాయి.

కేంద్రం ప్రెసిడెంటు సూరాయమ్మ గారు ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు.

"ఇంకోసారి ఇలా పంపితే పట్నం వాళ్లు మన ఊరి పాలే తీసుకోరంట. రేపు కూడా ఇంతే అయితే నీ మిషన్ నువ్వు పట్టుకెళ్లిపో అమ్మాయ్. సర్లే, ముందు భోజనానికి రా."

కోపం కోపమే, వడ్డన వడ్డనే. ఆవిడ హైమ ఆకులో గరిటె మీద గరిటె పప్పు వేస్తున్నారు.

"చాలండి."

"చాలనకు, తిను."

"నిజంగా చాలండి."

"మా ఊళ్లో చాలంటే ఇంకో గరిటెని అర్థం."

హైమ గబుక్కున ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. గరిటె గాల్లోనే ఆగింది. హైమ ఆ చేతిని తియ్యకుండా, దాన్నీ ఆగిన గరిటెనూ మార్చి మార్చి చూసింది.

"పప్పు బాలేదా?"

"పప్పు బావుందండి. నా ప్రోగ్రామే బాలేదు."

తిరిగొచ్చి నన్ను సరిచేసింది. ఈసారి 'చాలు'ను ఊరికే ఇవ్వకుండా పైన ఒక మూత పెట్టి ఇచ్చింది. మూత ఉన్న విలువ చేతికొస్తే ముందుకు అడుగు వెయ్యకూడదు. మూత తీసి, లోపలున్నది అప్పగించి, పని ముగించాలి. వెనక ఎంత వరస ఉన్నా సరే.

మర్నాడు మూడో క్యాన్ దగ్గర మూత పెట్టిన 'చాలు' వచ్చింది. ఆగాను. బెల్టు ఆగింది. ట్యాంకులో పాలు తెల్లగా నిలిచాయి. ఆ క్యాన్ ఎవరిదా అని చూస్తే, సూరాయమ్మ గారిది.

"నా పాలా? మళ్లీ చూడమను దాన్ని."

మళ్లీ చూశారు. మళ్లీ ఆగాను. ఆవిడ క్యాన్ మూత తీసి వాసన చూసుకుని, దాన్ని పక్కకు లాగేసుకున్నారు.

"ఏం చేస్తాం. పన్నీరు చేసుకుంటాలే. మిగతావి పోనివ్వండి."

హైమ ట్యాంకులో ఉన్న పాల నుంచే నన్ను మళ్లీ మొదలుపెట్టింది. బండి నిండుగా పట్నం వెళ్లింది.

అప్పటినుంచి ఊరి ఆడవాళ్లు, "ప్రెసిడెంటు గారి పాలే ఆపేసింది, మనల్ని వదుల్తుందా" అనుకుంటూ క్యాన్లు వేణ్ణీళ్లతో తోమి తెస్తున్నారు. ఒక్కటీ పులవడం లేదు. ఆగడం నేర్చుకున్నాక నాకు ఆగే పనే లేకుండా పోయింది.