కర్రోడు నేర్చుకున్న పాఠం

జమ్మలమడుగు కుక్కల పోటీలో కర్రోడు నడిమధ్యలో ఆగిపోయాడు. అడ్డకర్రలు దూకి, గుడ్డ సొరంగంలో దూరి బయటికొచ్చిన కుక్క, ఎదురుగా ఉన్న ఏటవాలు చెక్కపలక ఎక్కకుండా వెనక్కి తిరిగింది. తనను పెంచే ప్రియదర్శిని దగ్గరికే వచ్చి ఆమె కుడి అరచెయ్యి నాకడం మొదలుపెట్టింది. తోసినా పోదు. చుట్టూ జనం నవ్వారు. చేతిదాకా వచ్చిన గెలుపు పోయింది.

"ముద్దు ఎక్కువ చేసినావక్కా," అన్నాడు నాసిర్. ప్రొద్దుటూరులో కుక్కల దాణా అంగడి పెట్టుకుని, పోటీలకు తర్ఫీదు ఇచ్చేది అతనే. "పరుగు మధ్యలో నాకేది మాన్పించల్ల. లేకుంటే మా ఊరి పోటీకి రావద్దు."

పులివెందులకు తిరిగొస్తుంటే కారులో ఆమెకు చేతులు వణికాయి, బట్టలు చెమటతో తడిశాయి. ఏళ్ల తరబడి చక్కెర జబ్బుకు సూది వేసుకునే ఒంటికి అది కొత్త కాదు. చున్నీ కొసకు కట్టుకున్న బెల్లంముక్క నోట్లో వేసుకుంది. ఎండకు ఒంట్లో చక్కెర పడిపోయిందనుకుంది.

మరుసటి రోజు నుంచే తమ చీనీకాయల తోటలో సాధన మొదలైంది. కర్రోడు చేతి దగ్గరికి మూతి తెచ్చినప్పుడల్లా ఆమె వాడి మొహాన చల్లటి నీళ్లు చిమ్మేది. చెయ్యి ముందుకు చాస్తే 'పో, పరుగెత్తు' అని అర్థం. ఒక్కరోజు కూడా వదల్లేదు. కుక్క మొదట్లో మూలిగేది. తర్వాత తర్వాత చెయ్యి కనబడితే మొహం తిప్పుకోసాగింది.

ఒక మధ్యాహ్నం ఆమె చీనీచెట్టు మొదట్లో కూలబడిపోయింది. తెలివొచ్చేసరికి అత్త వనజమ్మ చక్కెరనీళ్లు తాగిస్తోంది.

"నేను మోటారు ఆపేదానికి రాకుంటే ఏమయ్యుండేది? వీడు చూడు, అంత దూరాన కూచోని చూస్తాండాడు. ముందైతే ఇట్లాంటప్పుడు నీ చెయ్యి వదిలేటోడు కాదు గదా!"

"నేర్చుకున్యాడత్తా," ప్రియదర్శిని నీరసంగానే నవ్వింది. "పోటీలో ఇంగ ఆగడు."

వనజమ్మ మిగిలిన చక్కెరనీళ్లు కూడా తాగించింది.

ప్రొద్దుటూరు పోటీ శ్రావణ శనివారం నాడు పడింది. కర్రోడు గెలవాలని గండి ఆంజనేయస్వామికి మొక్కుకుని ఆ నెల శనివారాలు ఒక్కపొద్దు ఉంటోంది ప్రియదర్శిని. పొద్దు గూకేదాకా ఏమీ ముట్టదు. నోరు కక్కుర్తి పడుతుందేమోనని బెల్లంముక్క కూడా విప్పి గూట్లో పెట్టింది.

"సూది ఏసుకున్యావా?" గడప దగ్గర అడిగింది వనజమ్మ.

"ఆ, ఏసుకున్యా."

"తిండి లేకుండా సూది ఏందే?"

"డాక్టరు సూది మానొద్దన్యాడు. సామికి తిండి మానతానని నేనే చెప్పినా. ఇద్దరికీ మాట తప్పకూడదు గదత్తా."

"వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్యారంటనా?"

ప్రియదర్శిని అప్పటికే కుక్కను కారెక్కిస్తోంది.

మైదానంలో ఎండ తెల్లగా కాస్తోంది. పరుగు మొదలయ్యే గీత దగ్గర నిలబడ్డప్పుడే ఆమె పెదవులు తిమ్మిరెక్కాయి. కర్రోడు ఆమె చేతి వైపు మూతి చాచి వాసన చూశాడు. నాలుక బయటికొచ్చింది. అంతలోనే, నీళ్లు పడ్డట్టు ఉలిక్కిపడి మొహం తిప్పుకున్నాడు.

విజిల్ మోగింది. కర్రోడు ఒక్క కర్రా తగలకుండా దూకాడు, సొరంగంలో దూరాడు, బయటికొచ్చి ఆగాడు. వెనక్కి తిరిగి ఆమె చేతినే చూశాడు.

అప్పుడు తెలిసింది ప్రియదర్శినికి, తనకు చక్కెర పడిపోతే వాడికి ముందే వాసన తెలుస్తుందని. జమ్మలమడుగులో వాడెందుకు ఆగాడో, తోటలో ఎందుకు దూరంగా కూచున్నాడో.

'రా' అనబోయింది. నాలుక మెదల్లేదు. మోకాళ్లు వంగిపోతుంటే కుడిచెయ్యి ముందుకు చాపింది. 'పో' అనే ఆ సైగ కర్రోడికి బాగా తెలుసు. గిరుక్కున తిరిగి పలకెక్కాడు.

"శభాష్‌రా కర్రోడా!" గీత అవతల నుంచి నాసిర్ అరుస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు.

"ఆయమ్మ మోకాళ్ల మీద పడింది చూడప్పా," అన్నారెవరో.

"గెలిచేటట్టుంది గదా, సామికి మొక్కుకుంటాందిలే. కదిలించొద్దు," అన్నారింకొకరు.

ఆమె బుగ్గ మట్టికి ఆనింది. ఆఖరి కర్ర కూడా దూకిన కర్రోడు పరుగున వచ్చాడు. చాచి ఉన్న చేతికి బారెడు దూరంలో, నేర్పినట్టే కూర్చుని, మొహం పక్కకు తిప్పుకున్నాడు.