ఎడ్లబండి లెక్క

హనోకు ట్యూబుకు గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతున్నాడు. బుడగలు లేచినచోట వేలు పెట్టి ఆపి, చెవి వెనక దోపుకున్న అగ్గిపుల్ల తీసి అక్కడ గుచ్చాడు. అరవై దాటిన మనిషి. గొంతుక్కూర్చుంటే మళ్లీ లేవడానికి గోడ పట్టుకోవాలి. అరచేతుల గీతల్లో దిగిన రబ్బరు మసి ఏ సబ్బుకూ లొంగదు. ఆదివారం చర్చిలో జోడించేదీ ఆ చేతులనే. బోధన్‌లో వర్ని రోడ్డు పక్కనున్న ఆ టైర్ల దుకాణం బాపురావుది. రైతులు మాత్రం బాపురావు దుకాణానికి పోతున్నామనరు, హనోకన్న దగ్గరికి పోతున్నామంటారు.

రోడ్డు మీద చెరుకు బళ్లు ఫ్యాక్టరీ వైపు సాగుతున్నాయి. పాత లారీ టైర్లు తొడిగిన ఎడ్లబళ్లు. వాటిలో సగానికి ఇరుసు సరిచేసి చక్రాలెక్కించింది హనోకే. నవీపేటలో తండ్రి దగ్గర నేర్చిన పని అది. చక్రం ఎంత పెద్దదైతే ఎడ్లకు అంత సులువు అన్నది తండ్రి నేర్పిన మాట. బురదలో దిగబడదు, గుంతలో చిక్కదు. ఆ ఒక్క మాట పట్టుకునే హనోకు బతుకు బండి లాగించాడు. ఇల్లు కట్టలేదు, పొలం కొనలేదు, భార్య జ్ఞానమ్మ పోయాక మళ్లీ పెళ్లి ఊసెత్తలేదు. ఉస్తాద్ అన్న పేరొక్కటే మిగిలింది. ఇప్పుడు ఆ పేరే గొంతుకు అడ్డం పడింది.

వర్ని దగ్గరి సాయన్న దసరాకు ముందు తన ఎడ్లను అమ్మి పాత పికప్ కొన్నాడు. వెనక ట్రాలీ తగిలించి చెరుకు లాగాలని ఆశ. ఏ టైర్లు వేయాలో చెప్పమంటూ తిన్నగా హనోకు దగ్గరికి వచ్చాడు.

"గీ ఆరు-పదహారు టైర్లు సన్నగున్నయి. ఏడున్నర సైజువి ఎక్కియ్యి. చక్రం పెద్దగుంటే గుంజుడు అల్కగైతది" అన్నాడు హనోకు, రెప్ప వాల్చకుండా.

ఆ పెద్ద టైర్లే వేయించుకుని, ట్రాలీ నింపుకుని కాలువ గట్టు ఎక్కబోతే బండి ఎక్కలేదు. క్లచ్ ప్లేటు కాలిపోయింది. కొత్తది వేయిస్తే అదీ కాలింది. సాయన్నకు బండి నడపడం రాదన్నాడు మెకానిక్. ఊరంతా అదే అంది. చివరికి సాయన్న కూడా అదే నమ్మాడు. పంట తోలడానికి ఫ్యాక్టరీ ఇచ్చిన కటింగ్ ఆర్డరు గడువు దాటి చెరుకు తోటలోనే ఎండింది.

రెండో ప్లేటు కాలినప్పుడు జాకీ మీద లేపిన ఆ బండి చక్రాన్ని చేత్తో తిప్పుతుంటే హనోకుకు అసలు సంగతి తట్టింది. ఎడ్లు బండిని లాగుతాయి, చక్రం దానంతటదే దొర్లుతుంది. ఇంజను అలా కాదు, చక్రాన్ని లోపల్నుంచి తిప్పాలి. చక్రం పెద్దదైన కొద్దీ తిప్పడం దానికి బరువు. వెనక ట్రాలీ కూడా ఉంటే ఇక చెప్పేదేముంది? మోటారు బండికి ఎడ్లబండి లెక్క చెప్పి ఒక సంసారాన్ని ముంచానని తెలిసి సిగ్గుతో చితికిపోయాడు. అయినా నోరు విప్పలేదు. అప్పటినుంచీ చర్చిలో మోకరించి దేవుడికి చెప్పుకుంటున్నాడు. దేవుడికి చెప్పడం సులువే, ఆయన పోయి బోధన్‌లో ఎవరికీ చెప్పడు కదా.

ఎండ ముదురుతుండగా పికప్ వచ్చింది. ఎండు చెరుకు నింపిన ట్రాలీని లాక్కుంటూ చదును రోడ్డు మీద మెల్లగా వచ్చి, దుకాణం ముందరి పల్లంలోకి దిగి ఆగింది. నడుపుతున్నది సాయన్న. పక్కన కూర్చున్నది మహారాష్ట్రలోని దెగ్లూర్ వైపు బెల్లం బట్టీ ఉన్న తుకారాం. బండీ, ట్రాలీ, పొయ్యిలోకి ఆ ఎండు చెరుకూ, అన్నీ అతనే కొనేశాడు.

"పాత టైర్లే ఎయ్యి భావు. గివి నాకొద్దు" అన్నాడు తుకారాం.

అప్పుడు ఊడదీసి అటక మీద పెట్టిన ఆరు-పదహారు టైర్లు దించాడు హనోకు. సాయన్న పక్కనే కూర్చుని ఊడదీసిన నట్లు దోసిట్లో పట్టుకున్నాడు. ఒక్కో నట్టు బిగిస్తూ, ఇప్పుడు చెప్పేద్దాం అనుకున్నాడు హనోకు. నట్లు అయిపోయాయి, మాట రాలేదు.

"ఇయ్యాలనే భివండీకి పోతున్నం అన్నా. మా బామ్మర్ది ఆడ మగ్గాల మీద ఉన్నడు. మా ఇంటామె అంజవ్వ మూటలు పట్టుకొని బస్టాండుల కూసున్నది" అన్నాడు సాయన్న.

తుకారాం స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. దుకాణం నుంచి రోడ్డెక్కాలంటే చిన్న ఎత్తుంది. ఇదే ఎత్తు మీద పోయిన నెల సాయన్న బండి ఆగి ఆగి వెనక్కి జారితే టీకొట్టు దగ్గరివాళ్లు పగలబడి నవ్వారు. ఇప్పుడు అదే బండి, నిండు ట్రాలీతో, గుక్క తిప్పుకోకుండా ఎక్కి వెళ్లిపోయింది.

"సూసినవా అన్నా! నడిపెటోడు నడిపితే ఎట్ల గుంజుతదో" అన్నాడు సాయన్న. నవ్వబోయాడు గానీ కళ్లు నిండాయి.

హనోకు గోడ పట్టుకోకుండానే లేచి నిలబడ్డాడు. "నీ తప్పు లేదు సాయన్నా. టైర్లది. నేనే తప్పు చెప్పిన. ఎడ్లబండి లెక్క చెప్పి నిన్ను ముంచిన" అన్నాడు. గల్లాపెట్టె ముందున్న బాపురావుకూ, టీకొట్టువాళ్లకూ వినపడేలాగే అన్నాడు.

సాయన్న అడ్డంగా తల ఊపాడు. "నా మనసు కుదుటపడాలని గిట్లంటున్నవ్. నాకు తెల్వదా?"

"గాదు సాయన్నా, దేవుని తోడు..."

"నా కోసం దేవుని మీద ఒట్టేస్తవా? వద్దన్నా." సాయన్న అతని మసిచేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "ఊరంతా నవ్వింది. నా తప్పు నెత్తినేసుకున్నోడివి నువ్వొక్కనివే."

"హనోకన్న దిల్ పెద్దది" అన్నాడు బాపురావు గల్లాపెట్టె దగ్గర్నుంచి. టీకొట్టువాళ్లు అవునవునన్నారు.

ఆ పొగడ్తకు హనోకు నిలువునా కుంచించుకుపోయాడు. ఇంకోసారి చెప్పాలని నోరు తెరిచాడు. ఎవరు వింటారు? సాయన్న అప్పటికే, బండి దిగినప్పుడు దుకాణం మూల ఆనించిన కట్టొకటి తెచ్చి టైర్ల పక్కన పెట్టి, భుజం మీద తువ్వాలు సర్దుకుని బస్టాండు వైపు నడిచాడు. చెరుకు బళ్ల మధ్య అతని తలపాగా కాసేపు కనిపించింది, తర్వాత కనిపించలేదు.

తోట చివర పచ్చగా మిగిలిన నాలుగు చెరుకు గడలు, చెరుకాకుతోనే పొందికగా కట్టినవి, ఊడదీసిన పెద్ద టైర్లకు ఆనుకుని నిలబడి ఉన్నాయి.