గాలి చొరని సీసా

పలచబరిచిన నీలం రంగును కుంచెతో డబ్బా మూత మీద గీసి చూశాడు. గీత చివర వెంట్రుకలు చీలలేదు. ఇక ఫర్వాలేదనుకుని, బోర్డులు రాసే మేస్త్రీ పొద్దుటి మాత్ర నోట్లో వేసుకుని చల్లారిన టీతో మింగాడు. గుండెను పరుగెత్తనివ్వకుండా పట్టి ఉంచే మాత్ర అది. వాడటం మొదలుపెట్టినప్పటి నుంచి నిచ్చెన ఎక్కుతుంటే ఒళ్లు బరువు బండిలా కదులుతోంది. అయినా దాని మీద అతనికి కోపం లేదు. తొందరపడే చెయ్యి అక్షరాన్ని పాడుచేస్తుంది, గుండె సంగతీ అంతేనేమో.

ఇంకో మాత్ర ఉంది, నాలుక కింద పెట్టుకునేది. డాక్టరు చెప్పిందంతా ఇంటికొచ్చాక కూతురు మళ్లీ విడమరిచి చెప్పింది. అది నొప్పిని చంపే మాత్ర కాదట. రక్తనాళాలను వదులు చేస్తుందట. అప్పుడు గుండెకు తిరిగొచ్చే రక్తం కాస్త తగ్గి, మోయాల్సిన బరువు తేలికవుతుందట. మింగితే లాభం లేదు, నాలుక కిందే కరగాలి. కళ్లు తిరుగుతాయి కాబట్టి కూర్చునే వేసుకోవాలి. మొదట్లో అది వేసుకోగానే తల పగిలిపోయేది. ఆ తలనొప్పే అతనికి గుర్తు. తల పోటెత్తిందంటే ఛాతీ వదిలేసిందన్నమాట.

ఇవాళ రాస్తున్నది కూతురి కుట్టుదుకాణం పేరు. దుకాణం రేపు తెరుస్తుంది. అచ్చువేసిన ప్లాస్టిక్ బోర్డు తెప్పించుకుంటానని ఆమె పట్టుబట్టింది. అలాంటి బోర్డులు వచ్చాకే అతన్ని పిలిచేవాళ్లు కరువయ్యారు.

"నా కూతురి కొట్టు మీద ఇంకొకడి రాత వేలాడుతుంటే ఈ వీధిలో ఎలా తిరగనే?" అన్నాడు.

ఆమె మెత్తబడింది. అయితే నిచ్చెన పై మెట్లు ఎక్కనని మాట తీసుకుంది. తలుపు మీది గోడ ఎత్తు చూస్తే ఆ మాట నిలిచేది కాదని ఇద్దరికీ తెలుసు.

సుద్ద పూసిన దారాన్ని గోడకు బిగించి, లాగి వదిలాడు. తెల్లని గీత పడింది. ముందు అక్షరాలన్నీ నీలంతో నింపాడు. బంగారు అంచులు ఆఖరున వరసగా పెట్టుకుంటూ వెళ్లడం అతని పద్ధతి. అంచు లేని అక్షరం గుండీలు పెట్టుకోని చొక్కాలా కనిపిస్తుందంటాడు.

ఎదుటి కొట్లో తాళాలు బాగుచేసే అతను తలెత్తి చూశాడు. "అంత బంగారం పులుముతున్నావు, దొంగలు గోడతో సహా ఎత్తుకుపోతారు."

"గోడకు వేసే తాళం ఉంటే తీసుకురా మరి," అన్నాడు మేస్త్రీ, కుంచె ఆపకుండానే.

మధ్యాహ్నం ఎండ గోడ మీదికి వచ్చేసరికి ఛాతీ మీద ఎవరో మోకాలు ఆనించినట్టయింది. నొప్పి దవడలోకి పాకింది. నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, గుమ్మంలో కూర్చున్నాడు. జేబులోని రేకు డబ్బీ తెరిచి ఒక మాత్ర నాలుక కింద పెట్టుకున్నాడు. కాసేపు చూసి ఇంకొకటి పెట్టుకున్నాడు. సుద్ద నాకినట్టుంది. తల మాత్రం తేలిగ్గానే ఉంది.

అద్దానికి కట్టే తెర పట్టుకుని వచ్చిన కూతురు అతని మొహం చూసి ఆగిపోయింది.

"తలనొప్పి రాలేదే," అన్నాడు ఫిర్యాదు చేస్తున్నట్టు.

ఆమె డబ్బీ అందుకుంది. "మాత్రల సీసా ఏది నాన్నా?"

అతను గడ్డంతో చూపించాడు. గుమ్మం మెట్టు మీద, రంగు డబ్బాల మధ్య గోధుమరంగు గాజు సీసా ఉంది. దాన్నిండా బంగారు రంగు. గాలి తగిలితే ఆ రంగు నల్లబడుతుంది. మూత బిగువైన సీసా ఏది దొరికినా దానికే కేటాయించడం అతని చేతికి అలవాటు. గాజు నిచ్చెన మీద పగులుతుందని మాత్రలను ఎప్పుడో డబ్బీలోకి మార్చేశాడు.

"మాత్రలు చెడకూడదనే ఆ సీసాలో పోసిచ్చారు నాన్నా. గాలి తగిలితే వీటిలో సత్తువ ఉండదు. ఇన్నాళ్లూ నువ్వు తిన్నది ఉత్త పిండి."

"రంగు చెడితే కనిపిస్తుందమ్మా. ఇవి తెల్లగానే ఉన్నాయిగా."

ఆమె గొంతు పెంచలేదు. మలుపులో ఉన్న మందుల షాపుకు వెళ్లి కొత్త సీసా తెస్తానంది. అట్నుంచే బండి తీసుకొస్తుందట, నేరుగా ఆసుపత్రికే వెళ్లాలట. తాళాలతనికి ఒక కన్ను వేసి ఉంచమని చెప్పి, "కదిలావంటే చూడు," అని తండ్రిని హెచ్చరించి పరుగెత్తింది.

కూర్చున్నందుకు నొప్పి కాస్త వెనక్కి తగ్గింది. అది మాత్ర చలవ కాదని అతనికి తెలుసు. తలెత్తి చూశాడు. చివరి అక్షరానికి అంచు లేదు. ఆసుపత్రిలో పెట్టుకున్నారంటే ఎప్పుడు వదులుతారో. దుకాణం రేపే. తాళాలతను ఎవరిదో తాళంచెవిని ఆకురాయితో రుద్దుతూ తల వంచుకుని ఉన్నాడు.

మేస్త్రీ లేచాడు. నిచ్చెన మీద ప్రతి మెట్టుకీ ఆగి, ఊపిరి కూడగట్టుకుని ఎక్కాడు. చెయ్యి వణకలేదు. కుంచెను పైనుంచి కిందికి ఒకే ఊపున లాగి, చివర మణికట్టు పక్కకు తిప్పాడు. అంచు అతుకు లేకుండా వచ్చింది. అంతే నెమ్మదిగా దిగి, కూతురు కూర్చోబెట్టిన చోటే మళ్లీ కూర్చున్నాడు.

ఆమె బండి దిగుతూనే కొత్త సీసా మూత తిప్పింది. ఇప్పుడే కునుకు పట్టినట్టుందని తాళాలతను అన్నాడు. తండ్రి తల గుమ్మానికి ఆని ఉంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని అతని నాలుక కింద మాత్ర పెట్టింది. కరుగుతుందని చూసింది. అది కరగలేదు. బండివాడు ఇంజన్ ఆపేశాడు.

మర్నాడు దుకాణం తెరవలేదు. నిచ్చెనను తాళాలతను తన కొట్లో పెట్టుకున్నాడు. డబ్బాలను ఎవరో లోపలికి సర్దారు. కుంచె మాత్రం మెట్టు మీదే ఉండిపోయింది, బంగారు రంగు గట్టిపడి, వెంట్రుకలన్నీ అతను మణికట్టు తిప్పిన వైపుకే వాలి.