ఏ కాలి మీద?

"మా గువ్వ నవ్విందంటే పక్కింటివాళ్లకు కూడా నవ్వొచ్చేదండీ" అంటున్నాడు భర్త, హాల్లో. ఇటు స్నానాలగదిలో ఆమె కొడుకు మెడ చుట్టూ వేళ్లు పెట్టి గడ్డలేమైనా తగులుతాయేమోనని వెతుకుతోంది.

కూతురు గువ్వ నెత్తుటి క్యాన్సరుతో పోయి ఏడాది దాటింది. అప్పటి నుంచి రోజూ ఇదే వరస. ముందు చెవుల వెనక, తర్వాత మెడ, చంకలు, పొట్టకు ఎడమవైపు పక్కటెముకల కింద, చివరికి కాళ్లు. చూసేవాళ్లకు సబ్బు రుద్దుతున్నట్టే ఉంటుంది. బుడ్డోడికి నాలుగేళ్లు. పొట్ట నొక్కితే మొదట్లో కితకితలనుకుని మెలికలు తిరిగిపోయేవాడు. ఇప్పుడు తిరగడు. చెప్పకుండానే చేతులెత్తి నిలబడతాడు, అడగకుండానే నాలుక బయటపెడతాడు.

హాల్లో ఉన్నది భర్త ఆఫీసులో పెద్దాయన, ఆయన భార్య. గువ్వ పోయినప్పుడు రాలేకపోయామని ఇప్పుడు పలకరించడానికి వచ్చారు. అత్తగారూ వాళ్ల దగ్గరే కూర్చుని ఉంది. వాళ్లకు టీలు ఇచ్చి, నీళ్లు చల్లారిపోతాయని ఆమె బుడ్డోణ్ణి తీసుకుని ఇటొచ్చేసింది. తలుపు ఓరగా ఉంది, అక్కడి మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"ఆస్పత్రిలో ఒకరోజు నర్సుల గ్లవ్ ఊది, మూతి కట్టి, పెన్నుతో కళ్లు గీశాను. అచ్చం కోడిపుంజే! అది చూసి పడీపడీ నవ్విందండీ పిచ్చిది. గుండు మీద దాన్ని పెట్టుకుని వార్డంతా తిరిగింది."

అబద్ధం కాదు. ఆ నవ్వు ఆమెకూ వినిపించింది, గోడ అవతలి నుంచి. ఆ సమయానికి ఆమె గువ్వ వాంతి చేసుకున్న తొట్టి కడుగుతోంది. చేతులు తుడుచుకుని వచ్చేసరికి కోడి పగిలిపోయింది, గువ్వ నిద్రపోయింది. ఆలోచిస్తే, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు తామిద్దరూ పిల్లను పంచుకున్నారనిపిస్తుంది ఆమెకు. పొద్దుగూకాక ఇస్త్రీ చొక్కాతో వచ్చి గంటసేపు కూర్చునే అతని వాటాకు నవ్వులొచ్చాయి. ఆమె వాటాకు పిల్ల లేవకముందే దిండు మీంచి ఏరేసిన వెంట్రుకలొచ్చాయి, నోటిపుళ్లకు దూదితో రాసిన మందొచ్చింది. సూది గుచ్చేటప్పుడు కదలకుండా చేతులు అదిమిపట్టుకోవాల్సిందీ ఆమే. అందుకే గువ్వ ఏడ్చి ఏడ్చి ఆమెనే తిట్టింది, "నువ్వు చెడ్డ అమ్మవి. నాన్నే మంచి" అని. ఆ మాటకు అతను మురిసిపోయాడు కూడా. ఇప్పుడు కళ్లు మూసుకుంటే అతనికి కోడిపుంజు కనబడుతుంది, ఆమెకు తొట్టి. కన్నపిల్ల నవ్వు ఒక్కటైనా తొట్టి లేకుండా గుర్తుకు రాదేమని ఎవరినడగాలి?

చెయ్యి బుడ్డోడి మోకాలు దాటి కిందికి దిగింది. ఆగింది.

ఎడమ పిక్క మీద కమిలిన మచ్చ. నిమ్మకాయంత. నడుమ నల్లగా, అంచుల్లో నీలంగా.

సబ్బు నురగేమోనని ఆమె నీళ్లు పోసి చూసింది. బొటనవేలితో తుడిచి చూసింది. పోలేదు.

"అమ్మా," అన్నాడు బుడ్డోడు మెల్లగా, "ఇవాళ నాకేమన్నా ఉందా?"

ఆమె మచ్చ మీద ఇంకో చెంబు నీళ్లు పోసింది. అంతలో హాల్లోంచి భర్త మాట వచ్చి పడింది.

"మొదట గమనించింది నేనేనండీ. కాలి మీద కమిలిన మచ్చ చూసి, ఇదేదో తేడాగా ఉంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామన్నాను. మా ఆవిడకేం తెలుసు, అప్పటికి ఇదే చిన్నపిల్ల. ఎనిమిదో తరగతితో చదువాపేశారు."

"తల్లి కంటికి ఆనకపోయినా తండ్రి కంట పడింది" అని అత్తగారు అందుకుంది. "నా కొడుకు కాబట్టి ఆ రెండేళ్లయినా దక్కించుకున్నాడు."

ఆ రోజు మచ్చ సంగతి చెబితే అతనన్న మాట ఆమె చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. "బల్ల తగిలి ఉంటుందిలే. నువ్వూ నీ అనుమానాలూ!" ఇదే అత్తగారు, "బడి ఎగ్గొట్టే వేషాలమ్మాయ్, నువ్వు దానికి తాళం వేస్తున్నావు" అంది. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టాక, ఇంట్లో మాటైనా చెప్పకుండా గువ్వను చంకనేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది ఆమె. పిల్ల పోయిన కొత్తలో అతను "మేం చూశాం" అనేవాడు. పోనీలే, ఇద్దరి బిడ్డే కదా అనుకుంది. అదెప్పుడు "నేను చూశాను" అయిందో ఆమెకు తెలియలేదు.

బుడ్డోడికి తువ్వాలు చుట్టి ఎత్తుకుని, తడి చేతులతోనే హాల్లోకి వచ్చింది.

"ఏ కాలి మీద?"

భర్త తలెత్తాడు. "ఏంటి?"

"మొదట మీరే చూశానంటున్నారుగా. ఏ కాలి మీద?"

"ఇప్పుడవన్నీ ఎందుకు..." అతిథుల వైపు చూసి నవ్వబోయాడు. "ఎడమ కాలు. మోకాలి దగ్గర."

"కుడికాలు. వెనకపక్క, మడమకు కాస్త పైన. కింద కూర్చుని రుద్దేవాళ్లకు తప్ప కనబడదు." ఆమె తువ్వాలు కొంచెం పైకి తీసింది. "ఎడమ కాలంటే ఇదిగో, వీడికుంది. ఇది చూశారా?"

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో కప్పు ఒరిగి టీ ప్యాంటు మీద పడింది. తుడుచుకోలేదు. పెద్దాయన భార్య నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది.

"అయ్యో, అది ఆ మచ్చ కాదే!" అత్తగారు కంగారుగా లేచింది. "పొద్దున మెట్ల మీంచి జారి పడ్డాడు. మెట్టంచు కొట్టుకుంది. నీతో చెబితే ఇల్లు పీకి పందిరేస్తావని..."

"చెప్పొద్దంది నానమ్మ," అన్నాడు బుడ్డోడు. "చెబితే అమ్మ ఏడుస్తుందంట."

ఆమె గోడకు ఆనుకుంది. పడ్డాడు. పడ్డాడంతే. పిల్లలు పడతారు.

భర్తకు ఊపిరి తిరిగింది, దాంతోపాటు కోపమూ వచ్చింది. "చూశారా అండీ, రోజూ ఇదే బాగోతం. ఏయ్, ముందు వాణ్ణి లోపలికి తీసుకెళ్లు!"

తండ్రి గొంతు పెరిగేసరికి బుడ్డోడు ఆమె చంకలోంచి జారి అతని ముందుకెళ్లి నిలబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తాడు. నాలుక బయటపెట్టాడు.

"ఏంట్రా ఆ వేషం?"

"చూడు నాన్నా," అన్నాడు వాడు. "నాకేం లేదు."

వాడు చేతులు దించలేదు. ఎంతసేపు ఎత్తి ఉంచాలో వాడికి అలవాటే. ఆ అలవాటు ఎవరు చేశారో ఆమెకు తెలుసు. తనొక్కతే ఎందుకు చేయాల్సొచ్చిందో కూడా ఇప్పుడు తెలిసింది: పక్కన చూసే కళ్లు ఇంకెవరివీ లేవు.

కిందపడిన తువ్వాలు తీసి భర్త ఒళ్లో పెట్టింది.

"రేపటి నుంచి వీడి స్నానం మీరు చేయించండి. ఎక్కడెక్కడ చూడాలో ఒకసారి చూపిస్తాను, తర్వాత మీ ఇష్టం. ముందు వాడి ఒళ్లు తుడవండి, చలేస్తుంది."

తర్వాత పెద్దాయన భార్య పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ ఇంట్లో అతిథులుండగా ఆమె కూర్చోవడం అదే మొదలు.

"ఆ కోడిపుంజు సంగతి ఇంకోసారి చెప్పండి," అంది. "నిదానంగా, మొదటి నుంచీ. అప్పుడు నేను లోపల తొట్టి కడుగుతున్నాను. చూడలేదు."